సిగ్నల్ కనబడితే చాలనుకున్నాం

మా ఆయన రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంజన్లో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. దూరంగా సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి. రెండోవారు తమ కళ్ళతో చూసి అదే రంగు తిరిగి చెప్పాలి. ఒకరు చెప్పి రెండోవారు ఊరుకుంటే కుదరదు. ఆ అలవాటు రిటైరైన రోజున ఆయనతోపాటే ఇంటికి వచ్చేసింది. సాయంత్రం ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని మా ఇంటి నుంచి నడుచుకుంటూ వెళ్ళి పట్టాల మీది వంతెన ఎక్కితే, ఆయన రెయిలింగు పట్టుకుని ఆగి "ఎల్లో" అనేవారు. నేను కూడా చూసి "ఎల్లో" అనాలి. అనేదాకా అక్కణ్ణించి కదిలేవారు కాదు.

"నానేటి మీ అసిస్టెంటునేటండీ?" అని విసుక్కునేదాన్ని.

"కాదేటి? పెళ్ళయినకాణ్ణించీ ఒకే ఇంజను కదేటే మనది" అనేవారు.

రంగు సరిగ్గా చెబితే "ఏ-వన్" అని మెచ్చుకునేవారు. రైల్వేలో కళ్ళకు తరగతులుంటాయి. డ్రైవరుకు అన్నిటికన్నా పై తరగతి చూపుండాలి, దాన్నే ఏ-వన్ అంటారు. పరీక్షలో అది తప్పితే ఇంజను దిగి ఏ స్టోర్సులోనో కూర్చోవాలి. అందుకే మా చుట్టుపక్కల డ్రైవర్ల ఇళ్ళలో కంటి పరీక్ష దగ్గరపడుతోందంటే ఆడవాళ్ళం కూడా నెమ్మదిగా మాట్లాడుకునేవాళ్ళం. మా ఆయన ప్రతిసారీ పాసయ్యారు. దూరంగా ఉన్నది చదవగలిగితే, రంగులు తెలిస్తే కళ్ళు బాగున్నట్టే అని ఆయన నమ్మకం. ఉద్యోగం చేసినంత కాలం ఆ నమ్మకం ఆయన్ని మోసం చేయలేదు.

నాకు సుగరుందని మా చిన్నమ్మాయి పెళ్ళయిన కొత్తలో బయటపడింది. మాత్రలు వేసుకునేదాన్ని. టీలో పంచదార మానేశాను, అన్నం తగ్గించాను, పక్కింటి బెంగాలీ వదిన, ఇక్కడి మాటలో బౌదీ, పండగలకు పంపే సందేశ్ మిఠాయి మాత్రం వద్దంటే బాధపడుతుందని ఒకటి తినేదాన్ని. ఒకటంటే ఒకటే అని ఇప్పుడు గట్టిగా చెప్పలేను. మందులు రాసే డాక్టరు ప్రతిసారీ చివర్లో, మేం కుర్చీల్లోంచి లేచే వేళకు, ఏడాదికోసారి కళ్ళు కూడా చూపించుకోవాలి అనేవారు. ఆ సాయంత్రం మా ఆయన నన్ను వంతెన మీదికి తీసుకెళ్ళేవారు.

"కళ్ళు సూపించుకోమన్నారు కదండీ."

"నాను సూస్తన్నాను కదా. అదేటో సెప్పు."

"గ్రీన్."

"దానెనకాలది?"

"రెడ్."

"మరింకేటి కావాల? మన కుర్ర డ్రైవర్లకి లేదు ఆ సూపు."

ఇద్దరం నవ్వుకుని, వంతెన దిగువన కారం మరమరాల ఝాల్‌మూడీ కొనుక్కుని ఇంటికొచ్చేసేవాళ్ళం. ఆయన నిర్లక్ష్యం చేశారని నేను అనను. అక్షరాల పటం, రంగు దీపాలు, ఆయనకు తెలిసిన కంటి పరీక్ష అదే. అదే పరీక్ష నాకూ పెట్టారు, నేనూ పాసయ్యాను. పాసైనందుకు సంతోషపడ్డాను కూడా. బడి మొహం చూడనిదాన్ని, నేను పాసైన పరీక్ష అదొక్కటే.

మా నాన్న వర్క్‌షాపులో ఖలాసీ. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాను. తమ్ముళ్ళు బడికి వెళ్ళేవారు, నేను వాళ్ళ డబ్బాలు కట్టేదాన్ని. తెలుగు, బెంగాలీ, హిందీ, కొంచెం ఒడియా, అన్నిటిలోనూ బజారులో బేరమాడగలను, ఏ ఒక్కదానిలోనూ అప్పట్లో నా పేరు రాయలేకపోయేదాన్ని. మా ఆయనకు తెలుగు చదవడం వచ్చు. కానీ డ్యూటీ నుంచి వచ్చేసరికి నిద్రకే టైము చాలేది కాదు. నేర్పుతానని ఆయనెప్పుడూ అనలేదు, నేర్పమని నేనూ అడగలేదు. మందుల అట్టలు నాకు రంగులతోనే గుర్తు. కంపెనీవాడు అట్ట మార్చినప్పుడల్లా ఇంట్లో గొడవ.

ఆ గొడవే నాకు చదువు తెచ్చిపెట్టింది. ఒకరోజు ప్రేమ్ బజార్‌లో వంకాయలు ఏరుకుంటూ ఆయన్ని తెలుగులో సాధిస్తున్నాను, పొద్దున మాత్ర రాత్రి ఇచ్చారని. వెనక ఎవరో అమ్మాయి నవ్వింది. పక్కనే ఉన్న పెద్ద ఇంజనీరింగు కాలేజీలో లోహాల మీద పరిశోధన చేస్తోందట, గోదావరి వైపు పిల్ల. పప్పుచారు తిని ఎన్నాళ్ళయిందో అంది. ఆ ఆదివారం సైకిలు మీద మా ఇంటికి భోజనానికి వచ్చింది, ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చింది. అన్నం తిన్నాక ఒకరోజు నా మందుల డబ్బా ముందు పెట్టుకుని, "ఆంటీ, వీటి పేర్లు మీరే చదువుకునేలా చేస్తాను. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు" అంది.

మా ఆయన నవ్వారు. "బండెల్లిపోయినాక టికెట్టేటమ్మా?"

"జంక్షన్‌లో కూర్చుని బండి వెళ్ళిపోయిందంటారేంటి అంకుల్? ఇంకోటి వస్తుంది" అంది ఆ పిల్ల.

పలక కొన్నాం. మనవల కోసం కాదు, నాకే అని చెబితే కొట్టువాడు నమ్మలేదు. ఎండాకాలం వచ్చేసరికి గుణింతాలు అయ్యాయి. ఖరగ్‌పూర్‌లో బోర్డులన్నీ బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరం వీధిలో కనబడదు. అందుకని మా ఆయన నన్ను ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్ళేవారు. ఆంధ్రా నుంచి వచ్చే బళ్ళ పెట్టెల మీద ఊరి పేరు తెలుగులో ఉంటుంది. నేను "వి... శా..." అని కూడబలుక్కుంటుంటే బండి కదిలిపోయింది. నేను పెట్టె పక్కనే నడుస్తూ "ఖ" అన్నాను.

"గార్డు సూస్తే బండాపేస్తాడే, ఆగు" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అక్కడ నిలబడి ఇద్దరం పడీపడీ నవ్వాం. నా జీవితంలో అంత తేలిగ్గా ఉన్న రోజులు మరి లేవు.

ఆ మరుసటి ఏడు పిల్లల కథల పుస్తకం మొదలుపెట్టాం. ఏదో ఒక కథ నా అంతట నేను, ఎవరూ అందివ్వకుండా, మొదటి నుంచి చివరిదాకా చదవాలని నా పట్టుదల. అప్పుడే అక్షరాలు నా మాట వినడం మానేశాయి. మాట మొదలు కనబడుతుంది, చివర కనబడుతుంది, మధ్యలోది చెమ్మ తగిలిన సిరాలా అలుక్కుపోతుంది. వరస తిన్నగా ఉండదు, నీళ్ళలోంచి చూసినట్టు వంగుతుంది. పుట్టిననాటి నుంచి చదువుకున్న మనిషికైతే వెంటనే తెలిసేది, నిన్నటిదాకా బాగున్న అక్షరం ఇవాళ వంకరైతే తప్పు కంటిదని. నాకు అక్షరాలతో అంత పాత స్నేహం లేదు. అవి కుదురుగా నిలబడాలంటే ఏళ్ళు పడుతుందేమో, అందరికీ మొదట్లో ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఇంకో లోపలి భయం ఉంది. ముసలి బుర్ర ఇంతకంటే పట్టలేదేమోనని.

ఆ భయం ఎవరికీ చెప్పలేదు. "కొంచెం పెద్దగా రాయమ్మా" అనేదాన్ని. ఆ పిల్ల పెద్దగా రాసేది. ఇంకా పెద్దగా అన్నాను. ఇంకా పెద్దగా రాసింది. కథ ముందు తను చదివి వినిపించేది కాబట్టి, వచ్చే ఆదివారానికి చాలా మాటలు చెవితోనే పట్టేసి, పేజీ మీద వేలు జరుపుతూ అప్పజెప్పేదాన్ని. "ఆంటీ, భలే చదివేస్తున్నారు" అనేది. ఆ పొగడ్త విన్న రాత్రి నాకు అన్నం రుచించేది కాదు.

చత్వారమేమోనని గోల్ బజార్‌లో కళ్ళద్దాల కొట్టుకు కూడా తనే తీసుకెళ్ళింది. అద్దాలతో అక్షరం పెద్దదైంది, వంకర పోలేదు. ఆ మాట కొట్లో చెప్పలేదు. అద్దాలు పెట్టుకుని కూడా చదవలేకపోతున్నానంటే ఇక తప్పంతా నాదేనని తేలిపోతుంది కదా అనుకున్నాను. వంతెన మీద పరీక్ష మాత్రం ఎప్పటిలాగే నడిచేది. గ్రీన్. గ్రీన్. ఏ-వన్.

ఒక పొద్దున వంటింట్లో పోపు పెడుతున్నాను. ఎండుమిరపకాయ పేలి, నూనె చుక్క ఎడమ కంటి రెప్ప మీద పడింది. ఆ కన్ను చేత్తో మూసుకుని, నీళ్ళ కోసం కిటికీ వైపు తిరిగాను. కిటికీకి ఇనప ఊచలు, ఆ ఇల్లు కట్టించినప్పుడు మా ఆయన దగ్గరుండి పెట్టించినవి. అవి వంగిపోయి ఉన్నాయి. మధ్యలో ఒకచోట ఊచలే లేవు, బూడిద రంగు మరక ఉంది. ఎడమ కన్ను తెరిచాను, ఊచలు తిన్నగా ఉన్నాయి. మూశాను, వంగాయి. స్టవ్వు ఆర్పేసి, తడి చేతులతోనే వెళ్ళి కథల పుస్తకం తెచ్చి అలాగే ఒక్కో కంటితో చూశాను. ఎడమ కంటికి అక్షరాలు కాస్త మసకగా ఉన్నా నిలబడి ఉన్నాయి. కుడి కంటికి పేజీ మధ్యలో కిటికీలో ఉన్న మరకే ఉంది.

ముందు నాకు కలిగింది సంతోషం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. నా బుర్రకు లోటు లేదు, అక్షరాలు నాకు వచ్చాయి, కనబడకపోవడం వల్ల చదవలేకపోయాను అని ఎంత ఊరట అనిపించిందో చెప్పలేను. గుమ్మంలో పేపరు చూస్తున్న మా ఆయన దగ్గరికి నవ్వు మొహంతోనే వెళ్ళాను. ఎడమ కన్ను మూసుకుని ఆయన వంక చూశాను. చెవులున్నాయి, తెల్ల జుట్టుంది, ముక్కూ కళ్ళూ ఉండాల్సిన చోట ఏమీ లేదు. అప్పుడు భయం వేసింది.

"ఏటే, అలాగ సూస్తన్నావు?" అన్నారు.

"మీ మొకం కనబడట్లేదండీ" అన్నాను.

ఆ వారమే హౌరా లోకల్ ఎక్కి కలకత్తాలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, లోపలికి దీపం వేసి చూశారు. తర్వాత మిషను ముందు గడ్డం ఆనించి ఫొటోలు తీశారు. డాక్టరు చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. అక్కడ పెద్దావిడను పిలిచినట్టు నన్ను మాషీమా అంది.

"మాషీమా, సుగరు ఇన్నేళ్ళ నుంచి ఉంటే, కళ్ళు చూపించుకోవడానికి ఇప్పుడా వచ్చేది?" అని హిందీలో అడిగింది.

నాకంటే ముందు మా ఆయన జవాబిచ్చారు. "నేను చూస్తూనే ఉన్నాను మేడమ్. సిగ్నల్ బాగా చెబుతుంది. మొన్న కూడా చెప్పింది."

"రెండు కళ్ళూ తెరిచేనా దాదా?"

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. రెండు కళ్ళూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని పని కూడా చేసేస్తుందట. దూరాన వెలిగే దీపం కనబడడానికి చూపు చాలా చెడ్డాక కూడా అడ్డముండదట. చెడింది కంటి ముందు భాగం కాదు, వెనకాల బొమ్మ పడే పొర. దానిలోని సన్నని నాళాల నుంచి నీరు ఊరి, సరిగ్గా మధ్యలో, అక్షరాలు చదివే చోట ఉబ్బింది. మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు. ఏమీ తెలియనప్పుడే వచ్చి చూపించుకోవాలి.

మా ఆయన నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "డబుల్ ఇంజన్ బండే. ఒకటి ఫెయిలయినా రెండోది లాగేస్తాది. ఎనకాల పెట్టెల్లో ఉన్నోడికి తెలవదు." మళ్ళీ తనే, "డ్రైవరుకి తెలవాల" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు చుక్కల మందు వల్ల కిటికీ బయటి వెలుగంతా నా కళ్ళలో పడి చెదిరిపోతోంది. ఆయన పక్కనే కూర్చున్నారు. దారి పొడుగునా సిగ్నళ్ళు దాటాయి. ఆయన ఒక్కటి కూడా పైకి చెప్పలేదు.

ఆదివారం ఆ పిల్ల వచ్చింది. డాక్టరు చెప్పినదాంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్న మాటొకటి మా ఆయన నాలుక మీద మోసుకొచ్చి, అదేటమ్మా అని అడిగారు. ఆ పిల్ల చేసే పరిశోధన తుప్పు మీదే. రోజంతా మైక్రోస్కోపులో తుప్పు చూస్తుంది. అందుకని ఆ దారినే చెప్పింది.

"మనం పీల్చే గాలే అంకుల్. అదే ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఒంట్లో కూడా తిన్నది మండేటప్పుడు నిప్పురవ్వల్లాంటివి పుడుతుంటాయి. వాటిని ఆర్పే శక్తి ఒంటికి ఉంటుంది. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువుంటే రవ్వలు ఎక్కువైపోయి, ఆర్పేవి చాలవు. అప్పుడు సన్నని నాళాలు ముందు దెబ్బతింటాయి. కంట్లోవి చాలా సన్నం. అచ్చంగా తుప్పు కాదు, తుప్పులాంటిదే. అదొక్కటే కారణమూ కాదు, కానీ అది పెద్ద కారణం."

"తుప్పయితే గీకి రంగేస్తాం కదా."

"ఉల్లిపొర కన్నా పల్చన అంకుల్. గీకడానికి లేదు. కొత్తగా పట్టకుండా చూడాలంతే."

ఎవరో చెప్పారని పక్కింటి బౌదీ కళ్ళ తుప్పు వదిలించే మాత్రల సీసా గురించి చెప్పింది. మా ఆయన కొనడానికి బయల్దేరారు కూడా. ఆ పిల్ల డాక్టరుకు ఫోను చేయించింది. ఆ సీసాను నమ్ముకుని వైద్యం ఆపొద్దనీ, సుగరూ బీపీ అదుపులో పెట్టడం, నడవడం, చెప్పిన తేదీకి రావడం, చేయగలిగింది ఇదేననీ డాక్టరమ్మ చెప్పింది. నడవడం అన్న మాట మాత్రం మా ఆయన గట్టిగా పట్టుకున్నారు. "బండి తిరగని సైడింగు పట్టాలకే తుప్పు, మెయిన్ లైను ఎప్పుడూ మెరుస్తాది. నడు" అని పొద్దున్నే లేపేవారు. అది ఎన్నో ఏళ్ళ ముందు చేయాల్సిన పని. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు.

ఆ రోజు వెళ్ళబోతూ ఆ పిల్ల సైకిలు తాళం తీసి, మళ్ళీ వేసి, వెనక్కి వచ్చింది.

"పెద్దగా రాయమన్నారు కదా ఆంటీ. నాకైనా తట్టాల్సింది."

"నానే దాచినాను కదే. నీకెలాగ తెలస్తాది?"

"చదివేస్తున్నారని పొగిడాను."

ఆవకాయ సీసా తెచ్చి చేతిలో పెట్టాను.

కంట్లోకి సూది అంటే వినడానికి భయం గానీ, మత్తుచుక్కలు వేస్తారు, నొక్కినట్టుంటుంది అంతే. కుడి కంటికి అలా కొన్నిసార్లు మందు ఎక్కించారు. ఎడమ కంటికి లేజరు పెట్టారు, అప్పటికే దానిలోనూ మొదలైందట. ఎడమ చూపు నిలిచింది. కుడి కంటిలో నీరు తగ్గింది, ఊచలు కాస్త తిన్నబడ్డాయి, మధ్యలో మరక మాత్రం పోలేదు. "ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే" అని డాక్టరమ్మ మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఆపేసింది. ఒక ఏడాది ముందు నేను ఆ పిల్లను పెద్ద అక్షరాలు రాయమంటున్నాను.

ఆ పిల్ల చదువు పూర్తయి ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఫోనులో పలకరిస్తుంది. పిల్లల పుస్తకంలో కథ ఒకటి చదవడం పూర్తి చేశాను, పొద్దుటి వెలుగులో, ఎడమ కంటితో, రోజుకు కొన్ని వరసలు. కన్ను అలిసిపోయి నీళ్ళు కారితే ఆపేస్తాను. మిగతాది మా ఆయన చదివి వినిపిస్తారు. ఆయన చదువు ఎక్స్‌ప్రెస్ బండి. చుక్క దగ్గర ఆగరు, కామా దగ్గర ఆగరు.

"కొంచెం ఆగండి, ఎవరేటన్నారో తెలవట్లేదు."

"ఈ స్టేషన్లో హాల్టు లేదు" అంటారు.

ఇది కూడా అలాగే, లావు పెన్నుతో, వరసకూ వరసకూ మధ్య చాలా చోటు వదిలి, కొంచెం కొంచెంగా నేను రాసిందే. నాకు అక్షరాలు దొరికిన వేళకు కళ్ళు జారిపోయాయని ఏడ్చిన రోజులున్నాయి. అంతకన్నా ఎక్కువగా బాధపెట్టేది ఇంకోటి. అక్షరాలు ఆలస్యంగా రావడం నా చేతిలో లేదు. కళ్ళు మాత్రం చూపించుకోవచ్చు. ఏడాదికి ఒక పూట పని. ఆ పూటంతా వంతెన మీద నవ్వుకుంటూ గడిపేశాం.

మా ఆయన ఇప్పుడు రిటైరైన తన స్నేహితులు టీ కొట్టు దగ్గర కూర్చుంటే వెళ్ళి, ఎవరికి సుగరుందో అడుగుతారు. "కళ్ళు సూపించుకున్నావేటి?" అంటే వాళ్ళు, "నాకేటన్నా, ఏ-వన్" అంటారు. ఈయన అక్కడే వాళ్ళ చేత ఒక కన్ను మూయించి, ఎదురుగా ఉన్న షట్టరు గీతలు చూడమంటారు. "తిన్నగానే ఉన్నాయన్నా" అంటారు వాళ్ళు. "ఉన్నా సరే ఎల్లాల. సుక్కలేసి లోపల సూడాల" అంటారు. కొందరు విసుక్కుంటారు. ఇద్దరు ముగ్గురు వెళ్ళొచ్చారు.

సాయంత్రం నడక మానలేదు. వంతెన ఎక్కుతాం, పాత చోటే ఆగుతాం. ఆయన సిగ్నల్ వైపు చూడరు, రెయిలింగు వైపు చూస్తారు. మొన్న నేనే అన్నాను, "గ్రీన్" అని. ఎడమ కన్ను మూసుకుని, పాడైన కంటితోనే. నిజంగానే కనబడింది, కాస్త పక్కకు చూస్తే ఇప్పటికీ కనబడుతుంది. ఆయన తిరిగి చెబుతారని ఆగాను. కింద నుంచి గూడ్సు బండి వెళ్ళిపోయింది, ఆఖరి పెట్టె కూడా దాటింది. ఆయన చెప్పలేదు. అప్పటికి సిగ్నల్ ఎర్రబడింది. నేనే ఆయన చెయ్యి పట్టుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టాను.